తెల్లమచ్చ ఎక్కడుందో చూడాలి: డిమెన్షియాలో మెదడు తెల్ల పదార్థం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదటి స్లైడు వెయ్యండి. ఇది ఒక మామూలు ఎమ్మారై రిపోర్టులో ఉండే వాక్యం, తెలుగు చేసి పెట్టాను: "రెండు వైపులా వెంట్రికిల్స్ చుట్టూ, లోతైన తెల్ల పదార్థంలోనూ ఫ్లెయిర్ బొమ్మల మీద తెల్లగా మెరిసే మచ్చలున్నాయి. చిన్న రక్తనాళాల జబ్బు వల్ల కావచ్చు." వెంట్రికిల్స్ అంటే మెదడు లోపలి నీటి గదులు, ఫ్లెయిర్ అంటే ఎమ్మారైలో తీసే ఒక రకం బొమ్మ. అరవై దాటినవాళ్ళ స్కాను రిపోర్టుల్లో ఈ వాక్యం చాలా తరచుగా కనిపిస్తుంది. చదివి కొందరు "వయసుతో వచ్చేదేలే" అని కాగితం మడిచి పెట్టేస్తారు. ఇంకొందరు "అయితే అల్జీమర్స్ అన్నమాట" అని బెంబేలెత్తిపోతారు. ఇద్దరూ తొందరపడినట్టే.

రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ళ మధ్య ఉన్న వెయ్యికి పైగా మామూలు జనాన్ని స్కాను చేసి చూశారు. ఒక్క మచ్చ కూడా లేనివాళ్ళు 5 శాతమే. కాబట్టి మచ్చ ఉందని తెలిస్తే మనకు తెలిసింది చాలా తక్కువ. అది ఎక్కడుంది, ఎంత విస్తరించింది, రెండు పక్కలా సమానంగా ఉందా, దాని పక్కన ఇంకేం కనిపిస్తోంది అని వరసగా అడుగుతూ పోతే జబ్బు దొరుకుతుంది. డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన చెడుతూ పోయే జబ్బుల విషయంలో ఈ గంటలో చేయబోయేది ఆ పనే.

ముందు రంగుల గందరగోళం తీర్చుకుందాం. తెల్ల పదార్థం అన్న పేరు కోసిన మెదడును కంటితో చూసి పెట్టింది. పైన 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందాన కార్టెక్స్ అనే బూడిదరంగు పొర ఉంటుంది. నాడీకణాలు ఎక్కువగా ఉండేది అక్కడ. ఆ కణాల నుంచి బయలుదేరిన పొడుగాటి తంతువులు, అంటే ఆక్సాన్లు, లోపల కట్టలు కట్టలుగా సాగుతాయి. ఆ తంతువులకు మయలిన్ అనే తొడుగు ఉంటుంది. నీరు తీసేసి తూస్తే మయలిన్‌లో దాదాపు 70 శాతం కొవ్వే. ఆ కొవ్వు వల్లే అది కంటికి తెల్లగా కనబడుతుంది. ఇక స్కానుకి వద్దాం. ఫ్లెయిర్ బొమ్మలో ఆరోగ్యంగా ఉన్న తెల్ల పదార్థం ముదురు బూడిదరంగులో ఉంటుంది. మయలిన్ పల్చబడి తంతువుల మధ్య నీరు చేరిన చోటు తెల్లగా మెరుస్తుంది. అంటే స్కానులో కనిపించే తెలుపు, అసలు తెలుపు పోయిందనడానికి గుర్తు. (నవ్వులు) పేర్లు పెట్టినవాళ్ళు మనల్ని కాస్త ఇబ్బంది పెట్టిన మాట నిజం.

మెదడు పరిమాణంలో ఇంచుమించు సగం ఈ తెల్ల పదార్థమే. 2003లో డెన్మార్క్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, 20 ఏళ్ళ వయసులో మయలిన్ ఉన్న తంతువులన్నిటినీ ఒకదాని కొసకు ఒకటి కలిపితే మగవాళ్ళలో 1,76,000 కిలోమీటర్లు, ఆడవాళ్ళలో 1,49,000 కిలోమీటర్లు వస్తుంది. 80 ఏళ్ళకి అందులో దాదాపు 45 శాతం తగ్గిపోతుంది. ముందుగా పోయేవి సన్నటి తంతువులు. మయలిన్ లేని సన్నటి నరంలో సంకేతం సెకనుకు మీటరు, రెండు మీటర్ల వేగంతో పాకుతుంది. మందమైన మయలిన్ ఉన్న నరంలో అదే సంకేతం గెంతుకుంటూ వెళ్ళి సెకనుకు 100 మీటర్లు దాటగలదు. తొడుగు దెబ్బతింటే తీగ తెగకపోయినా కబురు ఆలస్యంగా చేరుతుంది. ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోండి, రోగి లక్షణాల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మయలిన్‌ను తయారుచేసేవి ఆలిగోడెండ్రోసైట్లు. ఒక్కో కణం చేతులు చాచి పదుల సంఖ్యలో తంతువుల ముక్కలకు తొడుగు వేస్తుంది. ఒక్క కణం చచ్చిపోతే ఆ తంతువులన్నీ ఒకేసారి బట్టలూడినట్టవుతాయి. పైగా ఇవి ఆక్సిజన్ కొరతకి త్వరగా లొంగిపోయే కణాలు.

ఇప్పుడు రక్తం సంగతి. మెదడు ఉపరితలం మీది ధమనుల నుంచి సన్నటి కొమ్మలు నిలువుగా లోపలికి దిగుతాయి, కొన్ని సెంటీమీటర్లు. అడుగు నుంచి ఇంకొన్ని కొమ్మలు పైకి వస్తాయి. రెండూ వెంట్రికిల్స్ దగ్గర ముగిసిపోతాయి. ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. కాలువ చివరి మడి అన్నమాట. ఎగువన తూము కాస్త మూసుకుంటే ముందు ఎండేది చివరి మడే. బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఈ కొమ్మల గోడలు మందమై, గట్టిపడి, లోపలి దారి ఇరుకవుతుంది. గోడ లీకయి ప్లాస్మా బయటికి రావడం, రక్తాన్ని తిరిగి తీసుకుపోయే సిరల గోడలు మందమెక్కడం కూడా ఇందులో భాగమే. కేవలం "రక్తం అందకపోవడం" అంటే కథ సగమే చెప్పినట్టు.

కార్టెక్స్ కిందనే వంపు తిరిగి పక్క మడతకు వెళ్ళే పొట్టి తంతువులుంటాయి, యూ ఆకారంలో. వాటికి రక్తం పైనుంచి రెండు దారుల్లో అందుతుంది కాబట్టి బీపీ జబ్బులో అవి చాలావరకు క్షేమంగా ఉంటాయి. స్కానులో ఆ పొట్టి తంతువులే ముందుగా దెబ్బతిన్నట్టు కనిపిస్తే "చిన్న రక్తనాళాల జబ్బు" అని రాసేముందు ఆగి ఆలోచించాలి. జేసీ వైరస్ వల్ల వచ్చే పీఎంఎల్ అనే మెదడు ఇన్‌ఫెక్షన్ లాంటివి అక్కడ మొదలవుతాయి.

స్కాను ఎలా అడగాలో చెబుతాను. ఇక్కడ యువ డాక్టర్లు ఉన్నారు కనక కొంచెం వివరంగానే. మతిమరుపు కోసం చేసే ఎమ్మారైలో అయిదు రకాల బొమ్మలు ఉండాలి. త్రీడీ టీ1 ఉంటే హిప్పోకాంపస్, అంటే కొత్త జ్ఞాపకాలను దాచే భాగం, కుంచించుకుపోయిందో లేదో తెలుస్తుంది. ఫ్లెయిర్‌లో తెల్లమచ్చలు తెలుస్తాయి. టీ2లో మెదడు అడుగు భాగాలు, నడిమధ్య ఉండే థలామస్ అనే కేంద్రంలోని మచ్చలు స్పష్టంగా వస్తాయి, ఫ్లెయిర్ అక్కడ కొన్నిటిని వదిలేస్తుంది. డిఫ్యూజన్ బొమ్మలో తాజా పక్షవాతం, చెడిన ప్రోటీన్ వల్ల వేగంగా ముదిరే ప్రయాన్ జబ్బు పట్టుబడతాయి. రక్తం ఆనవాళ్ళను పట్టే ఎస్‌డబ్ల్యూఐ బొమ్మ లేకపోతే సూక్ష్మ రక్తస్రావాలు కనిపించనే కనిపించవు. ఆ అయిదోదాన్ని సమయం కలిసొస్తుందని వదిలేస్తుంటారు. డిమెన్షియాలో అది చాలా పెద్ద తప్పని నా అభిప్రాయం, ఎందుకో అల్జీమర్స్ దగ్గర చెబుతాను. మామూలుగా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అవసరం లేదు. సీటీ స్కానులో విస్తారమైన మార్పులు నల్లగా కనబడతాయి కానీ చిన్నవి తప్పిపోతాయి. ఈ పల్చబడటానికి 1987లో హాచిన్‌స్కీ బృందం లూకోఅరయోసిస్ అని పేరు పెట్టింది సీటీ బొమ్మలు చూసే.

మచ్చలను కొలవడానికి ఫాజెకాస్ స్కేలు వాడతారు, అదీ 1987 నాటిదే. లోతైన తెల్ల పదార్థంలో ఏమీ లేకపోతే 0, విడివిడి చుక్కలుంటే 1, చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైతే 2, కలిసిపోయి పెద్ద మరకలైతే 3. వెంట్రికిల్స్ చుట్టూ ఉన్నదానికి వేరే అంకె ఇస్తారు: కొమ్ముల దగ్గర టోపీలాగా, అంచున పెన్సిలు గీతలాగా ఉంటే 1, నున్నటి వలయంలా ఉంటే 2, అంచులు చెదిరి లోతుకు పాకితే 3. డెబ్బై దాటినవాళ్ళలో 1 వస్తే కంగారు పడాల్సిన పని లేదు. యాభైలోపు 2 వచ్చిందంటే కారణం వెతకాల్సిందే. 3 ఏ వయసులోనూ మామూలు కాదు. యూరప్‌లో జరిగిన లాడిస్ అధ్యయనంలో, మచ్చలు తీవ్రంగా ఉన్న పెద్దవాళ్ళు మూడేళ్ళలో రోజువారీ పనులకు ఇతరుల మీద ఆధారపడటమో చనిపోవడమో, తేలికపాటి మచ్చలున్నవాళ్ళతో పోలిస్తే రెండింతలకు పైగా జరిగింది.

ఎక్కడ పొరపడతాం? లాక్యూన్‌కీ, రక్తనాళం చుట్టూ ఉండే ఖాళీకీ తేడా తెలియక. రెండూ నీటితో నిండిన గుంటలే. లాక్యూన్ అంటే చిన్న పక్షవాతం మానిన గుంట. 3 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది, ఫ్లెయిర్‌లో లోపల నల్లగా, చుట్టూ తరచుగా తెల్లటి అంచుతో కనబడుతుంది. రక్తనాళం చుట్టూ ఉండే ఖాళీ సాధారణంగా 3 మిల్లీమీటర్ల లోపు, నాళం వెళ్ళే దిశలో గీతలా సాగి, తెల్ల అంచు లేకుండా ఉంటుంది. మొదటిదాన్ని రెండోదిగా రాస్తే ఒక పక్షవాతం లెక్కలోంచి జారిపోయినట్టే. మరొక పొరపాటు: రెండేళ్ళ కిందటి స్కాను ఒక మెషీన్‌లో 5 మిల్లీమీటర్ల ముక్కలతో, ఇప్పటిది ఇంకో మెషీన్‌లో 1 మిల్లీమీటరు ముక్కలతో తీసి "మచ్చలు పెరిగాయి" అనడం. పెరిగింది మచ్చలు కాదు, బొమ్మ నాణ్యత. మత్తులో ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చి స్కాను చేస్తే మెదడు చుట్టూ ఉన్న నీరు ఫ్లెయిర్‌లో తెల్లగా మెరుస్తుంది. అది చూసి ఇన్‌ఫెక్షన్ అనుకున్న సందర్భాలూ ఉంటాయి.

ఫ్లెయిర్‌కి కనబడని నష్టం కూడా ఉంది. దాన్ని డీటీఐ అనే మరో రకం ఎమ్మారై బొమ్మతో కొలుస్తారు. నీటి అణువులు తంతువుల వెంట సులువుగా, అడ్డంగా కష్టంగా కదులుతాయి. ఆ తేడాను 0 నుంచి 1 వరకు ఒక అంకెగా చెబుతారు. అన్ని దిక్కులా సమానంగా కదిలితే 0. కుడి ఎడమ అర్ధభాగాలను కలిపే కార్పస్ కెలోజంలో ఆ అంకె బాగా ఎక్కువగా ఉంటుంది. తంతువులు దెబ్బతింటే పడిపోతుంది. పరిశోధనకు ఇది అమూల్యం. ఒక్క రోగి విషయంలో నిర్ణయం తీసుకోవడానికి మాత్రం ఇంకా సరిపోదు, మెషీన్ మారితే అంకె మారుతుంది. డీటీఐ రంగుల బొమ్మ చూపించి జబ్బు పేరు చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఇక జబ్బుల్లోకి వెళ్దాం. మొదట రక్తనాళాల డిమెన్షియా. 1894లో ఒట్టో బిన్స్‌వాంగర్ తెల్ల పదార్థం విపరీతంగా క్షీణించిన రోగుల గురించి రాశాడు. సూక్ష్మదర్శినిలో దాన్ని తర్వాత వివరించింది అల్జీమరే. ఆయన పేరు వేరే జబ్బుకు అతుక్కుపోయింది కానీ ఈ జబ్బు మీదా ఆయన చెయ్యి పడింది.

ఈ జబ్బులో మచ్చలు రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉంటాయి. వెంట్రికిల్స్ చుట్టూ మొదలై బయటికి పాకుతాయి. తోడుగా మెదడు లోతున ఉండే కేంద్రాలైన బేసల్ గాంగ్లియా, థలామస్‌లలో లాక్యూన్లు, అక్కడే సూక్ష్మ రక్తస్రావాలు కనిపిస్తాయి. రోగి ఎలా ఉంటాడు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆలస్యం ఇక్కడికొస్తుంది. అడిగినదానికి జవాబు సరిగ్గానే చెబుతాడు, కానీ చాలా సేపటికి. రెండు పనులు కలిపి చేయలేడు. వంట మొదలుపెట్టి ఫోను మోగితే పొయ్యి సంగతి గాలికి పోతుంది. కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు చిన్న చిన్న అడుగులు వేస్తాడు. మూత్రం వచ్చిందంటే ఆపుకోలేడు. దేని మీదా ఉత్సాహం ఉండదు, ఇంట్లోవాళ్ళు "బద్ధకం" అని విసుక్కుంటారు. అది బద్ధకం కాదు. మెదడు ముందు భాగమైన ఫ్రంటల్ లోబ్ నుంచి లోపలి కేంద్రాలకు వెళ్ళే తీగలు తెగాయి. ఎన్ని ఘన సెంటీమీటర్ల మచ్చ ఉందన్నదానికంటే అది ఏ కట్ట మీద పడిందన్నది ముఖ్యం. థలామస్ నుంచి ముందుకెళ్ళే కట్ట, రెండు ఫ్రంటల్ లోబ్‌లను కలిపే కట్ట, ఈ రెంటి మీద పడితే చిన్న మచ్చ కూడా ఆలోచన వేగాన్ని దెబ్బతీస్తుంది.

జ్ఞాపకశక్తి పరీక్షలో ఒక కిటుకు ఉంది. కొన్ని పదాలు చెప్పి, కాసేపాగి అడగండి. రాకపోతే "అది ఒక పువ్వు పేరు" అని ఆసరా ఇవ్వండి. తెల్ల పదార్థం జబ్బులో మాట లోపల దాచి ఉంటుంది, తీసే దారి మూసుకుంది. ఆసరా ఇస్తే చాలాసార్లు బయటికొస్తుంది. అల్జీమర్స్‌లో మాట అసలు దాచుకోలేదు కాబట్టి ఆసరా ఇచ్చినా పెద్దగా లాభం ఉండదు. ఇది ప్రతిసారీ పనిచెయ్యదు, కానీ మంచం పక్కన నిలబడి రెండు నిమిషాల్లో చేయగల పరీక్ష. ఇంకో సంగతి, పాత ఎంఎంఎస్‌ఈ పరీక్షలో ఈ రోగులు 30కి 28 తెచ్చుకుని తప్పించుకుపోగలరు. మోకా పరీక్షలో వేగం, ప్రణాళిక కూడా అడుగుతారు కనక అక్కడ దొరికిపోతారు.

నలభై, యాభై ఏళ్ళ మనిషికి, బీపీ పెద్దగా లేకుండా, మచ్చలు విపరీతంగా ఉంటే క్యాడసిల్ అనే వంశపారంపర్య రక్తనాళాల జబ్బు గుర్తుకు రావాలి. 19వ క్రోమోజోమ్ మీద ఉండే నాచ్3 జన్యువులో లోపం వల్ల వస్తుంది. ఆ జన్యువును 1996లో గుర్తించారు. ఆ ప్రోటీన్‌లో ఒకే తీరున ఉండే 34 ముక్కలుంటాయి, ఒక్కోదానిలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు 6 జంటలుగా ముడిపడి ఉంటాయి, అంటే మొత్తం ఆరు, రెండేసి చొప్పున. లోపం వల్ల ఒకటి తగ్గి 5 అవుతాయి, లేదా పెరిగి 7 అవుతాయి. జంట దొరకని సిస్టీన్ ప్రోటీన్ ఆకారాన్ని చెడగొడుతుంది. అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. ముప్పైల్లో కంటి ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, ఆ తర్వాత చిన్న పక్షవాతాలు, కుంగుబాటు, చివరికి డిమెన్షియా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. స్కానులో సంతకం లాంటి గుర్తు చెవుల పక్కనుండే టెంపొరల్ లోబ్ ముందు కొసల్లో తెల్లదనం, దానితోపాటు బేసల్ గాంగ్లియా బయటి అంచున ఉండే ఎక్స్‌టర్నల్ క్యాప్స్యూల్ అనే సన్నటి పొరలోనూ. మామూలు బీపీ మచ్చలు టెంపొరల్ కొసల జోలికి సాధారణంగా పోవు. లోపం మొదటి 6 ముక్కల్లో ఉంటే జబ్బు త్వరగా, తీవ్రంగా వస్తుంది. 7 నుంచి 34 లోపల ఉంటే చాలా నెమ్మది, కొందరికి ముసలితనం దాకా ఏమీ కాదు. కాబట్టి జన్యుపరీక్ష "పాజిటివ్" అని ఒక్క మాటతో కుటుంబాన్ని భయపెట్టకూడదు, లోపం ఏ ముక్కలో ఉందో చూసి మాట్లాడాలి.

ఇప్పుడు అల్జీమర్స్. దీన్ని బూడిద పదార్థం జబ్బుగానే చదువుకున్నాం, అమిలాయిడ్ ప్రోటీన్ ఫలకాలు, టౌ ప్రోటీన్ ముడులు అంటూ. కానీ తెల్ల పదార్థం ఇందులో మూడు దారుల్లో దెబ్బతింటుంది. ఆ మూడూ కలిసే ఉంటాయి కాబట్టే చిక్కు.

మొదటి దారి తేలిక: రోగికి బీపీ, షుగరు కూడా ఉంటాయి. పెద్ద వయసులో ఒకే జబ్బు ఉన్న మెదడు తక్కువ. రెండో దారి: చెట్టు చచ్చిపోతే తీగ కూడా వాడుతుంది. కార్టెక్స్‌లో టౌ వల్ల నాడీకణం చనిపోతే దాని తంతువు కొస దాకా క్షీణిస్తుంది. మెదడు వెనక భాగంలో, పెరైటల్ లోబ్‌లోని తెల్లమచ్చలను శవపరీక్షలో చూసినప్పుడు, అల్జీమర్స్ రోగుల్లో అవి రక్తనాళాల జబ్బుకంటే పైనున్న టౌతోనే ఎక్కువ జతపడ్డాయి. హిప్పోకాంపస్‌కి సంబంధించిన ఫార్నిక్స్ కట్ట, సింగ్యులం కట్ట వెనక భాగం, కార్పస్ కెలోజం వెనక కొస డీటీఐలో త్వరగా దెబ్బతిన్నట్టు కనబడేది అందుకే. వంశపారంపర్య అల్జీమర్స్ కుటుంబాలను గమనించే డయాన్ అధ్యయనంలో, లక్షణాలు మొదలవుతాయని అంచనా వేసిన వయసుకు సుమారు 6 ఏళ్ళ ముందే తెల్లమచ్చలు పెరిగాయి. వాళ్ళు నడివయసువాళ్ళు, చాలామందికి బీపీ కూడా లేదు. ప్రతి మచ్చనూ బీపీ ఖాతాలో వేసేవాళ్ళకి అది గట్టి జవాబు.

మూడో దారి అమిలాయిడ్ ఆంజియోపతీ. అమిలాయిడ్ మెదడు పైపొర రక్తనాళాల గోడల్లోనే పేరుకుంటుంది. గోడలు పెళుసెక్కి లీకవుతాయి. ఇక్కడే ఎస్‌డబ్ల్యూఐ ప్రాణం నిలబెడుతుంది. సూక్ష్మ రక్తస్రావాలు లోతైన కేంద్రాల్లో ఉంటే బీపీని అనుమానించాలి. కార్టెక్స్ అంచుల్లో, ముఖ్యంగా వెనక వైపు ఉంటే అమిలాయిడ్‌ని అనుమానించాలి. రక్తం పల్చబరిచే మందు రాసేముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

కొత్తగా వచ్చిన అమిలాయిడ్ వ్యతిరేక మందులు, లెకానెమాబ్, డోనానెమాబ్, అమిలాయిడ్‌ను తొలగించేటప్పుడు కొందరిలో ఈ నాళాలు లీకయి మెదడు వాస్తుంది. ఫ్లెయిర్‌లో కొత్త తెల్లదనంగా కనిపించే దాన్ని ఏరియా-ఈ అంటారు, రక్తస్రావం రకాన్ని ఏరియా-హెచ్ అంటారు. లెకానెమాబ్ ప్రధాన ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్ళలో 12.6 శాతం మందికి ఏరియా-ఈ వచ్చింది. లక్షణాలు కనిపించింది 2.8 శాతం మందిలోనే. అల్జీమర్స్ ముప్పును పెంచే ఏపీఓఈ4 జన్యువు రెండు ప్రతులూ ఉన్నవాళ్ళలో ఏరియా-ఈ 32.6 శాతానికి పోయింది. అందుకే మందు మొదలుపెట్టకముందు జన్యుపరీక్ష చేయాలి, స్కాను తీయాలి, 4 కంటే ఎక్కువ సూక్ష్మ రక్తస్రావాలుంటే సాధారణంగా మందు ఇవ్వరు. మొదటి నెలల్లో డోసుల మధ్య మళ్ళీ మళ్ళీ స్కాను చేయాలి. మందు మొదలైన రోగికి తలనొప్పి, తికమక, చూపు మసక వస్తే "అల్జీమర్స్ ముదిరింది" అనుకోకండి, అదే రోజు స్కాను తీయండి. పక్షవాతంలా కనిపించినా, ఈ మందు మీద ఉన్నాడని చెప్పకుండా గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనివ్వకూడదు.

ఆకర్షణీయమైన సిద్ధాంతం ఒకటుంది: పెరిగేటప్పుడు చివరగా మయలిన్ తొడుక్కున్న తంతువులే ముందు పోతాయని. చెప్పుకోవడానికి బాగుంటుంది, కొంత నిజం కూడా. కానీ వెనక భాగపు మచ్చలను అది వివరించదు.

ల్యూయీ బాడీ డిమెన్షియా గురించి క్లుప్తంగా. తెల్లమచ్చలు అల్జీమర్స్‌లో ఉన్నంతే ఉండవచ్చు, వాటిని చూసి వేరు చేయలేం. లేనివి చూడటం, రోజుకొకలా తేడాగా ఉండటం, నిద్రలో కలల ప్రకారం కాళ్ళూ చేతులూ విసరడం, వీటితో పట్టుకోవాలి. స్కానులో హిప్పోకాంపస్ పెద్దగా కుంచించుకుపోకుండా ఉండటం కొంత సాయం. చూపు కేంద్రం నుంచి టెంపొరల్ లోబ్‌కి వెళ్ళే కట్టలో డీటీఐ మార్పులు కనిపిస్తాయి.

ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాలో చిత్రం మారుతుంది. తెల్లమచ్చలు చాలామందిలో పెద్దగా ఉండవు, కానీ తంతువుల కట్టలు మాత్రం ఎక్కువగా పాడవుతాయి, కార్టెక్స్ కుంచించుకున్న మేర కంటే దూరం దాకా. ప్రవర్తన మారిపోయే రకంలో ఫ్రంటల్, టెంపొరల్ లోబ్‌లను కలిపే కొక్కెంలాంటి అన్సినేట్ కట్ట, కార్పస్ కెలోజం ముందు భాగం పోతాయి. మాటల అర్థాలు పోయే రకంలో ఎడమ అన్సినేట్, దాని పక్కన వెనక్కి సాగే కట్ట. మాట తడబడి, వ్యాకరణం విరిగిపోయే రకంలో పైనున్న ఆర్క్యుయేట్ కట్ట ప్రాంతం. రోగి మాట వింటే కట్ట పేరు చెప్పగలిగినంత పొంతన ఉంటుంది. ఒక మినహాయింపు గట్టిగా గుర్తుంచుకోవాలి: ప్రోగ్రాన్యూలిన్ జన్యువు లోపంలో తెల్లమచ్చలు స్పష్టంగా వస్తాయి, ఒక పక్క చాలా ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. యాభై అయిదేళ్ళ మనిషి, బీపీ లేదు, ప్రవర్తన మారింది, మచ్చలు ఒకవైపే ఎక్కువ. దీన్ని "చిన్న రక్తనాళాల జబ్బు" అని రాస్తే కుటుంబానికి అందాల్సిన జన్యు సలహా అందకుండా పోతుంది.

ఇలా పొరపడే మరో జబ్బు సీఎస్‌ఎఫ్1ఆర్ జన్యువుది. నలభైల్లో మొదలై, ఫ్రంటల్ లోబ్ తెల్ల పదార్థాన్ని తినేస్తూ పోతుంది. డిఫ్యూజన్ బొమ్మలో చిన్న చుక్కలు నెలల తరబడి మెరుస్తూనే ఉంటాయి. పక్షవాతం చుక్క కొన్ని వారాల్లో మాసిపోవాలి, ఇది మాసిపోదు. సీటీ తీస్తే సన్నటి సున్నపు చుక్కలు కనిపించవచ్చు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనో, ఫ్రంటోటెంపొరల్ అనో ఏళ్ళు గడిచిపోతుంటాయి.

బాగుచేయగలిగినదాన్ని ఎప్పుడూ మరిచిపోకూడదు. వెంట్రికిల్స్ ఉబ్బి, వాటి చుట్టూ నున్నటి తెల్లటి అంచు ఉంటే అది రక్తం కొరత కాకుండా లోపలి నీరు గోడ దాటి ఊరడం కావచ్చు. ఎన్‌పీహెచ్ అంటారు, 1965లో హకీమ్, ఆడమ్స్ వర్ణించారు. నడక ముందు చెడుతుంది, తర్వాత మూత్రం, మతి. వెంట్రికిల్ ముందు కొమ్ముల గరిష్ఠ వెడల్పును పుర్రె లోపలి గరిష్ఠ వెడల్పుతో భాగిస్తే 0.3 దాటుతుంది. నడుము నుంచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, ముందూ తర్వాతా నడకను గడియారం పెట్టి కొలవాలి. కళ్ళతో చూసి "బాగానే నడిచాడు" అంటే చాలదు. మెరుగుపడితే షంట్, అంటే ఆ నీటిని మళ్ళించే గొట్టం, పనిచేసే అవకాశం బాగుంటుంది. మెరుగుపడకపోయినంత మాత్రాన షంట్ పనికిరాదని తేలినట్టు కాదు. బీ12 లోపం, రేడియేషన్, కార్బన్ మోనాక్సైడ్ కూడా తెల్ల పదార్థాన్ని దెబ్బతీస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌లో ఒక మోసం ఉంది: మనిషి కోలుకుని ఇంటికెళ్ళాక కొన్ని రోజులకో వారాలకో మళ్ళీ మతి చెడుతుంది. ప్రయాన్ జబ్బులో మాత్రం మెరుపు కార్టెక్స్ అంచులో, బేసల్ గాంగ్లియాలో ఉంటుంది, తెల్ల పదార్థంలో కాదు.

చేయగలిగిందేమిటి? గట్టి ఆధారం ఉన్నది బీపీకి. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ అనే బీపీ ట్రయల్ ఫలితాల్లో, పై బీపీని 120 లోపు ఉంచినవాళ్ళలో నాలుగేళ్ళకి తెల్లమచ్చలు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 140 లోపు ఉంచినవాళ్ళలో 1.45 పెరిగాయి. తేలికపాటి జ్ఞాపక లోపం రావడం 19 శాతం తగ్గింది. డిమెన్షియా మీద తేడా మాత్రం గణాంకాల ప్రకారం నిలబడలేదు, అదీ చెప్పాలి. కానీ లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోయే పెద్దాయనకి 120 లక్ష్యం పెట్టకండి. పడుకుని, లేచి నిలబడి, రెండుసార్లూ బీపీ చూశాకే మందు పెంచాలి. తెల్లమచ్చలున్నాయని మాత్రమే, పక్షవాతమో గుండెజబ్బో లేకుండా, ఆస్పిరిన్ మొదలుపెట్టనక్కర్లేదు. అందులో లాభం కనిపించలేదు, రక్తస్రావం ప్రమాదం ఉంది. పొగ మానాలి, షుగరు అదుపులో ఉండాలి, బీ12 ఒకసారి చూడాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: డాక్టరుగారూ, వచ్చిన మచ్చలు తగ్గుతాయా?

కొన్ని తగ్గుతాయి. మచ్చలో నీరే ఎక్కువగా ఉండి తంతువులు ఇంకా బతికి ఉన్న చోట తగ్గినట్టు ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ స్కాను చేసిన అధ్యయనాల్లో కనిపించింది. తంతువులు తెగిపోయిన చోట తిరిగి రావు. ఏది ఏ రకమో ఒక్క ఫ్లెయిర్ బొమ్మ చూసి చెప్పలేం.

ప్రశ్న: నాకు ముప్పై ఎనిమిదేళ్ళండీ. మైగ్రేన్ ఉంది, స్కానులో నాలుగైదు చుక్కలున్నాయన్నారు. డిమెన్షియా వస్తుందా?

మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఇలాంటి చిన్న చుక్కలు మామూలు. వాటితో డిమెన్షియా వస్తుందని ఎవరూ నిరూపించలేదు. ఇంట్లో చిన్న వయసులో పక్షవాతమో మతిమరుపో వచ్చినవాళ్ళు ఉన్నారా, టెంపొరల్ కొసల్లో మార్పు ఉందా, ఈ రెండూ మీ డాక్టరును అడగండి. రెంటికీ లేదని జవాబొస్తే చుక్కల సంగతి వదిలి మైగ్రేన్‌కి మందు వాడుకోండి.

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై నాలుగు. ఫాజెకాస్ 2 అన్నారు. స్కాను ఎన్నాళ్ళకోసారి తీయించాలి?

మతి, నడక బాగానే ఉంటే వెంటవెంటనే స్కాను తీయించక్కర్లేదు, బీపీ పుస్తకం రాయించండి చాలు. నడక మారినా, మూత్రం ఆపుకోలేకపోయినా, జవాబులు బాగా ఆలస్యమవుతున్నా అప్పుడు తీయించండి. కుదిరితే అదే మెషీన్‌లో, అవే రకాల బొమ్మలతో. కాగితం రిపోర్టు ఒక్కటీ తేకండి, పాత స్కాను సీడీ తీసుకురండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే పెరిగిందో లేదో తెలుస్తుంది.